కంచికి పోని కథ

ఒరగడం ఫ్యాక్టరీలో నాది నోటి ఉద్యోగం.
జపాను మాట లోపలికి, అరవ మాట బయటికి.
నా తెలుగు మాత్రం
గుమ్మం బయట విడిచిన చెప్పుల్లా
సాయంత్రందాకా నాకోసం కాచుక్కూచుంటుంది.

మంగళవారం రెండో షిఫ్టులో
ప్రెస్సు కింద ఏళుమలై కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.
మర్నాడు కీల్పాక్ ఆసుపత్రి వరండాలో
నిషివాకి గారు వాళ్ళమ్మ ముందు నడుం వంచాడు.
వంచి, లేవలేదు.
ఫినాయిలు బకెట్టు తోసుకుంటూ వచ్చిన ఆయమ్మ
స్తంభాన్ని తప్పుకున్నట్టు ఆయన్ని తప్పుకుని
తుడుచుకుంటూ పోయింది.

"నేను చూసుండాల్సింది. చూడలేదు,"
అన్నాడు నేలతో.
ఆ మాటను అరవంలో పెట్టాను.
ఆవిడ నుదుటి మీద వేలితో ఒక గీత గీసి
"తలైయెళుత్తు" అంది.
మన తలరాతే.
దాన్ని జపానులోకి తేవడానికి నాకు చాలాసేపు పట్టింది.
తల అన్నాను. రాత అన్నాను.
"రాసిందెవరు?" అన్నాడు, ఇంకా వంగే.

నాకు తెలిసిన జవాబులన్నీ చిట్టాపద్దులు.
పోయిన జన్మ, శని, ఎదురింటివాళ్ళ దిష్టి.
ఎవరో ఒకరి పేర ఖర్చు రాయందే
మనకు ఏడుపు తెమలదు.
ఆయన దగ్గర పద్దు లేదు.
యంత్రానికి గార్డు ఊడదీసింది సూపర్‌వైజరు,
టార్గెట్ పెంచింది నగోయా,
దీపావళికి కొత్త కారు కావాలన్నది మనం.
వంగింది మాత్రం ఈ ఒక్క వెన్ను.

తిరిగొస్తూ పూందమల్లి దగ్గర వానలో ఆగిపోయాం.
"మీ కథల్లో ఇలాంటప్పుడు ఏమవుతుంది, హైమ-సాన్?"

మా మేనమామ పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు,
సూళ్ళూరుపేటలో.
తెల్లారగట్ట కథానాయకుడు చచ్చిపోయేవాడు.
జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు.
చచ్చినవాడు లేచి, కిరీటం సర్దుకుని,
అదే పద్యం ఇంకాస్త పై శ్రుతిలో పాడి
మళ్ళీ చచ్చేవాడు.
చివర మంగళం.
చాపలు దులుపుకుని లేచేవాళ్ళం.

చెప్పాను. నవ్వాడు.
మూడేళ్ళలో ఆయన పళ్ళు చూడటం అదే మొదలు.
తర్వాత వైపర్లకేసి చూస్తూ అన్నాడు:
"మా పాత నాటకాల్లోనూ చచ్చినవాడు తిరిగొస్తాడు.
పాడటానికి కాదు, చెప్పుకోడానికి.
దారినపోయే సన్యాసి ఒకడు మూల కూర్చుని వింటాడు.
ఏమీ చెయ్యడు. చెయ్యలేడు.
విన్నాక ఆట అయిపోతుంది.
తప్పెవరిదో తేలదు."

వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.
"షికతా గ నై" అన్నాడు.
మీటింగుల్లో ఎన్నిసార్లు దాన్ని
'వేరే దారి లేదు' అని సూటుబూటు తొడిగి పంపానో.
ఆ వానలో అది ఒట్టి 'ఏం చేస్తాం'.
పాలు విరిగినప్పుడు మా అమ్మ అనే మాట.
నాన్న పోయినప్పుడూ అదే అంది,
అదే గొంతుతో,
పాలగిన్నె కడుగుతూ.

ముందు ఆకుపచ్చ బోర్డు: కాంచీపురం.
ఏదో ఒకటి అనాలి కదా అని చెప్పాను,
మా కథలన్నీ ఆ ఊరికే పోతాయండీ, మేం ఇంటికి పోతాం.
ఆయన మెడ తిప్పి
బోర్డు వెనకపడేదాకా చూశాడు.
"అన్నీనా?
అక్కడ వాటిని ఎవరు చూసుకుంటారు?"

చిన్నప్పట్నించీ ఇన్ని కథలు అటు పంపాను.
ఒక్కదాని వెంటా పోయి చూడలేదు.

శుక్రవారం ఆయనకు వెనక్కి పిలుపొచ్చింది.
మెయిల్లో కారణం లేదు.
అనువదించడానికి నాకేమీ మిగల్లేదు.
ఆయన బల్లమీద టీ కప్పు బోర్లించి ఉంది,
కింద గుండ్రంగా తడి.

ఆ రాత్రి పోరూరులో నా గదిలో
కుడిచేతి మూడు వేళ్ళు మడిచి
చారన్నం కలపబోయాను.
ముద్ద కాలేదు.
ఎడంచేత్తో ఫ్యాను ఆపి
చాలాసేపు అలాగే కూర్చున్నాను,
ఎవరో చెప్పుకోడానికి వచ్చినట్టు.